అరువు తెచ్చిన నిశ్శబ్దం

“ఎవరూ చేతులు కదపకండి,” అన్నారు బెంచి గుమాస్తా గారు.

ఎవరూ కదపలేదు. భోజనాల బల్ల చుట్టూ నలుగురు మనుషులు, బల్ల మీద అయిదు యంత్రాలు. గుమాస్తా గారి ఫోను, ఆయన భార్య వాడే పలకలాంటి టాబ్లెట్, కొడుకు ఫోను, కోడలి ఫోను, వంటింటి గూట్లోంచి తీగతో సహా పెకలించి తెచ్చిన గుండ్రటి స్పీకరు. ఫలహారపు పళ్ళాలను పక్కకు నెట్టి, ఆ అయిదింటినీ ముద్దాయిల్లా వరుసగా పడుకోబెట్టారు.

ముప్ఫై ఒక్క సంవత్సరాల పాటు న్యాయపీఠానికి ఒక మెట్టు కింద కూర్చొని, లోకంలోని అబద్ధాలన్నిటినీ ముత్యాల్లాంటి దస్తూరీతో దస్త్రాలకెక్కించిన మహానుభావుడాయన. ఉద్యోగం నుంచి విరమించినది ఆయన ఒక్కరే. న్యాయస్థానం మాత్రం ఆయన చేతిసంచీలో ఇంటికి వచ్చి, ఈ బల్ల దగ్గర స్థిరనివాసం ఏర్పరచుకున్నది.

“వేళ?”

“ఎనిమిదీ పది,” అన్నాడు కొడుకు, ఆవులింత మింగుతూ. “నాన్నా, తొమ్మిదింటికి నా దగ్గరికి ముగ్గురొస్తారు, చెవులు చూపించుకోవడానికి.”

“నువ్వు ఆలస్యంగా వచ్చావన్న సంగతి వాళ్ళకి వినపడదులే. గీత ఎక్కడుంది?”

“ఇరవై రెండో నిమిషం, నలభయ్యో సెకను.”

గుమాస్తా గారు రాసుకున్నారు.

ఆ ఇంటి సంక్షోభమంతా ఇప్పుడు ఆ నీలి గీతలో ఉన్నది. పాడ్‌కాస్టులు వెతికిపెట్టి వినిపించే యాప్‌లో, ఏ కార్యక్రమం ఎంతవరకు విన్నారో చూపుతూ అది ఎడమ నుంచి కుడికి పాకుతుంది. ఒక ఫోనులో ఆపిన చోటి నుంచి మరొక ఫోనులో అందుకోవచ్చు. “ఒకే పొయ్యి, ఒకే ఖాతా” అని గుమాస్తా గారు శాసించిన కారణాన ఇంటిల్లిపాదీ ఒకే పేరుతో వినేవారు. తత్ఫలితంగా, కొడుకు వినికిడి యంత్రాల మీద ఉపన్యాసం వింటూండగా తల్లిగారి మోకాళ్ళ వ్యాయామం మధ్యలో జొరబడి ‘ఇప్పుడు ఎడమకాలు పైకెత్తండి’ అని ఆజ్ఞాపించడం ఆ గృహచరిత్రలో పలు పర్యాయాలు జరిగినదే.

ఇంట్లో ఉన్న యంత్రాలు అయిదు. యాప్ చూపే జాబితాలో ఆరు. ఆరోదాని పేరు ‘పిట్ట ఫోను’.

పిట్ట ఆ ఇంటి ఆడపిల్ల. సముద్రపు అడుగును కొలిచే ఓడ మీద పటాలు గీసే ఉద్యోగం సంపాదించుకున్నది. నేల మీద లేని పని నీళ్ళ మీద ఎందుకని తండ్రి ఆమె చదువు పట్టాలను బీరువాలో పెట్టి తాళం వేశారు. పంతొమ్మిది రోజుల కిందట, తెల్లవారి అందరూ లేచేసరికి పట్టాలూ లేవు, పిట్టా లేదు. ఆనాటి నుంచీ కబురు లేదు. కాని, మూడు రోజులుగా ఎవరూ ముట్టుకోకుండానే ఆ గీత కదులుతోంది.

“కదిలింది!” అన్నారు అత్తగారు, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని.

కదలడమే కాదు. గీత పదిహేను సెకన్లు వెనక్కి దూకింది. మెల్లగా నడిచి పాత చోటికి వచ్చింది. మళ్ళీ వెనక్కి దూకింది. మళ్ళీ వచ్చింది. అయిదు యంత్రాలూ మూగగా పడి ఉన్నాయి. నలుగురు మనుషుల ఎనిమిది చేతులూ బల్ల అంచు మీదే ఉన్నాయి. మూడోసారి కూడా అక్కడికే వచ్చి, గీత ఒక్క ఉదుటున ముప్ఫై ఒకటో నిమిషానికి పోయి ఆగిపోయింది.

“విన్నదే వింటోంది పిచ్చితల్లి,” అన్నారు అత్తగారు. “అంత బాగుందా ఏమిటే అమ్మాయ్, మీ కార్యక్రమం?”

ఈ ప్రశ్న కోడలికి. పాడ్‌కాస్టులు తయారుచేసే ఒక స్టూడియోలో, మనుషుల మాటల్లోంచి దగ్గులూ, తడబాట్లూ, ఊపిర్లూ కోసి పారేయడం ఆమె వృత్తి. అక్కడ ఆమెను ‘కత్తెర’ అంటారు. పిట్ట వింటున్నదని అందరూ అనుకుంటున్న ‘చేతిలో పని’ కార్యక్రమం అరవై మూడో భాగం ఆమె కత్తిరించినదే. గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన తన వృత్తి గురించి నలభై ఒక్క నిమిషాలు మాట్లాడాడు.

“బాగానే ఉంటుందత్తయ్యా,” అంది కోడలు. తన గొంతు తనకే అరువు తెచ్చుకున్నట్టు వినిపించింది.

“ఇంకో విశేషం,” అన్నారు గుమాస్తా గారు. “ఇందులో ‘మౌనం దాటవేయి’ అని ఒక మీట ఉంది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ వస్తే యంత్రమే మింగేసి ముందుకు పోతుంది. అది ఎప్పుడూ వేసే ఉంటుంది. మొన్న ఎవరో తీసేశారు. ఎవరు?”

“నేను కాదు,” అన్నాడు కొడుకు. “ఖాళీలు వినే తీరిక ఎవరికుంది నాన్నా ఈ ఇంట్లో?”

“నేనసలు దాని జోలికే పోను,” అన్నారు అత్తగారు. “కానీ ఒక పని చేశాను. మీరు కేకలేయనంటే చెప్తాను.”

“నమోదు చేసుకుంటాను. కేకల సంగతి తరవాత.”

“నిన్న సాయంత్రం, వినాల్సిన వరుస ఉంటుంది చూడండి, అందులో అన్నిటికంటే పైన ఒకటి పెట్టాను. ‘తల్లి గుండె: నిర్లక్ష్యం చేయకూడని పది లక్షణాలు’. చూస్తే దానికి మనసు కరుగుతుంది కదా అని.”

“అమ్మా, నీ గుండెకేమైంది?”

“నా గుండెకేమీ కాలేదురా. దానికి తెలియదు కదా! పొద్దున లేచి చూద్దును కదా, అట్టడుగుకి పోయింది. ఎవరో కిందకి నెట్టేశారు.” ఆవిడ ముఖం వెలిగిపోయింది. “ఇంకెవరు నెడతారు? అచ్చం మా పిట్టే! నా మాట ఎప్పుడు విన్నది గనక!”

కొడుకు నవ్వాడు. గుమాస్తా గారి పెదవి కూడా ఒక వైపు కదిలి, పదవిని తలచుకొని సర్దుకున్నది. కూతురు ఎక్కడో బతికే ఉన్నది, మునుపటి లాగే తల్లిమాట పెడచెవిని పెడుతున్నది అన్న ధైర్యం ఆ బల్ల మీదుగా వెచ్చగా పాకింది.

కోడలు ఒక్కతే నవ్వలేదు. ఎందుకంటే పిట్ట ఫోను ఆమె దగ్గరే ఉన్నది.

పడకగదిలో, చలి దుస్తుల పెట్టె అడుగున, రెండు ఉన్ని శాలువల మధ్య. పంతొమ్మిది రోజులుగా.

“ఇక తీర్పు,” అన్నారు గుమాస్తా గారు, కలానికి మూత పెడుతూ. “ఈ సాయంత్రం అయిదు గంటలకి, ‘అన్ని పరికరాల నుంచీ తొలగించు’ అన్న మీట నొక్కుతాను. రహస్యపదం మారుస్తాను. కొత్తది నా ఒక్కడికే తెలుస్తుంది. వినాలని ఉంటే ఆవిడగారు నాకు ఫోను చేసి అడగాలి. అడిగితే చెప్తాను.”

“అడక్కపోతే?” అన్నారు అత్తగారు.

ఆయన జవాబు రాసుకున్నట్టు కాగితం వంక చూశారు.

“అడక్కపోతే ఏం చేస్తారండీ? మిగిలింది ఆ గీత ఒక్కటే. రోజుకి నాలుగుసార్లు కదిలితే చాలు నాకు. అది కూడా కోసేస్తారా?”

“నాన్నా, ఉండనివ్వండి. ఎవరికి నష్టం?”

“ఇల్లొదిలి వెళ్ళినవాళ్ళు ఇంటి ఖాతాలో కూర్చుని వినడమేమిటి? అయిదు గంటలకి,” అన్నారాయన. సభ ముగిసింది.

*

కోడలు గది తలుపు దగ్గరికి వేసి, పెట్టె తెరిచి, శాలువల మధ్యకు చెయ్యి పోనిచ్చింది.

ఉన్నది. పలకరాయిలా చల్లగా, నిర్జీవంగా. మీట నొక్కిపట్టి ఇరవై లెక్కపెట్టింది. వెలగలేదు. అది వెలగక రెండు వారాలు దాటింది.

ఏర్పాటంతా వదినా మరదళ్ళదే. బీరువా తాళంచెవి తీసి పట్టాలు బయటపెట్టినది కోడలు. ఎవరూ ఆచూకీ తీయకుండా తన ఫోను దిండు కింద వదిలి, తెల్లవారకముందే మెట్లు దిగి రేవుకు పోవలసినది పిట్ట. ఓడ ఎక్కగానే స్టూడియోకి కబురు చేస్తానన్నది. ‘వదినా, నువ్వు నన్ను చూడకు, నిన్ను చూస్తే ఏడుపొస్తుంది’ అన్నది. అందుకని కోడలు ఆ వేకువన కళ్ళు మూసుకొని మంచం మీదే పడుకున్నది. తలుపు చప్పుడు కోసం చెవులు రిక్కించి, వినిపించకపోతే, ఎంత నేర్పుగా వెళ్ళిందో అనుకొని మురిసిపోయింది.

మరి ఇప్పుడు వింటున్నది ఎవరు?

“ఏం వెతుకుతున్నావ్?”

భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పెట్టె మూత ఆమె వేళ్ళ మీదే పడింది.

“శాలువ. స్టూడియోలో చలి.”

“బయట ఎండ పేలిపోతోంది.”

“లోపల చలి. మీరెప్పుడైనా వస్తే కదా తెలిసేది.”

అతడు వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. చెవులకు యంత్రాలు అమర్చి, రోజుకు వందసార్లు ‘వినపడుతోందాండీ’ అని అడిగే మనిషి. ఇంటికి వస్తే మాత్రం ఏమీ అడగని మనిషి.

“ఒకటి అడగనా?”

ఆమె శాలువ మడత పెట్టడం మొదలుపెట్టింది.

“పిట్ట సంగతి నీకేమైనా తెలుసా?”

“నాకేం తెలుస్తుంది?”

మడత కుదరలేదు. విప్పి మళ్ళీ పెట్టింది. గోడ గడియారం లేని ఆ గదిలో కాలం గడుస్తున్నదని చెప్పడానికి మరే సాక్ష్యమూ లేదు.

“సరే,” అన్నాడతడు లేస్తూ. “మా దగ్గరికొచ్చేవాళ్ళలో కొంతమందికి బాగానే వినపడుతుంది. అయినా వినపడదని చెప్తారు. ఇంట్లోవాళ్ళు అడిగేవాటికి జవాబు చెప్పక్కర్లేదని. నేను వాళ్ళని పరీక్షించి, వినపడదనే రాసిస్తాను.”

వెళ్ళిపోయాడు. మన్నించి వెళ్ళాడో, హెచ్చరించి వెళ్ళాడో ఆమెకు అంతుపట్టలేదు.

బయటికి నడుస్తూ నడవా చివర మూలగది ముందు ఆగింది. పిట్ట గది. ఆమె వెళ్ళిన రోజున పదకొండు గంటలకు గుమాస్తా గారు దానికి తాళం వేసి, తలుపుకీ గుమ్మానికీ కలిపి ఒక కాగితం అతికించి, సంతకం చేసి, తేదీ వేశారు. సాక్ష్యాధారాలు చెదరకూడదట. రోజూ నాలుగు గంటలకు, అత్తగారు నడకకు వెళ్ళాక, ఆ సీలును స్వయంగా తనిఖీ చేస్తారు. సామ్రాజ్యాలు కూలినా ఆ తనిఖీ ఆగదు.

కాగితం చెక్కుచెదరకుండా, నిన్ననే అతికించినట్టు కొత్తగా ఉన్నది. ఆమె తల దించుకొని దాటిపోయింది.

*

“కత్తెరమ్మా, పొద్దుటి నుంచీ చూస్తున్నాను, ముఖమేమిటి అలా ఉంది? రాత్రి నిద్ర పట్టలేదా? నాకూ పట్టలేదు. పక్కింటివాళ్ళు మంచం జరిపారు, అది ఏ చెక్కో చెప్పమంటే చెప్తాను,” అన్నాడు మౌని.

సాయంత్రం నాలుగు దాటింది. స్టూడియోలో శబ్దగ్రహణ విభాగానికి అతడే అధిపతి, అతడే సేన. క్షణం నోరు మూతపడని మనిషి కనుక సహోద్యోగులు ఆ బిరుదు ప్రదానం చేశారు.

“మౌనీ, ఒక ఫోను మూలపడి ఉంటే, దాని పేరుతో ఇంకెవరైనా వినగలరా?”

“ఎందుకు వినలేరు? కొత్త ఫోను కొని పాతదాంట్లోవన్నీ అందులోకి తెచ్చుకుంటే పేరు కూడా వచ్చేస్తుంది. మా బావ ఫోను పేరు ఇప్పటికీ ‘పెళ్ళికాని ప్రసాదం’. పిల్లలు ముగ్గురు.”

ఆమె గుండె మీది రాయి ఒక అంగుళం జరిగింది. పిట్ట ఎక్కడో కొత్త ఫోను సంపాదించింది. అంతే. దయ్యాలూ లేవు, భూతాలూ లేవు. అనవసరంగా...

“ఏం వింటున్నారేమిటి?” అన్నాడు మౌని.

“మన అరవై మూడు. విన్నచోటే మళ్ళీ మళ్ళీ వింటున్నారు.”

“ఎక్కడ?”

ఆమె మూడు రోజులుగా చీటీ మీద రాసుకుంటున్న వేళలు చదివింది. ఆరో నిమిషం పన్నెండు. పద్నాలుగు నలభై ఏడు. ఇరవై రెండు నలభై. ముప్ఫై ఒకటి అయిదు.

మౌని ఆ భాగాన్ని తెర మీదకు తెచ్చి, మొదటి చోటికి పోనిచ్చాడు. పెద్దాయన గొంతు: ‘గడియారం ఆగిపోయిందంటారు. అది ఆగదమ్మా, అలుస్తుంది.’ తరవాత రెండు సెకన్ల ఖాళీ. తరవాత మళ్ళీ గొంతు.

“ఇక్కడేముంది? ఏమీ లేదు.”

రెండో చోట ఏమీ లేదు. మూడో చోట ఏమీ లేదు.

నాలుగోది వినకముందే కోడలు చెయ్యెత్తి మౌనిని ఆపింది. ఆ ఏమీ లేకపోవడాన్ని ఆమె గుర్తుపట్టింది. దాన్ని అక్కడ పెట్టినది ఆమే.

చదువరులకు ఈ వృత్తి మర్మం ఒకటి విన్నవించాలి. మాటల మధ్య నుంచి దగ్గును కోసేస్తే అక్కడ శూన్యం ఏర్పడుతుంది. ఆ శూన్యం చెవికి గొయ్యిలా తగులుతుంది. ఎందుకంటే ఏ గదీ నిజంగా నిశ్శబ్దంగా ఉండదు. ప్రతి గదికీ తనదైన ఒక హోరు ఉంటుంది. అందుకని మనుషులు మాట్లాడిన గదిలోనే, ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం నిశ్శబ్దాన్ని రికార్డు చేసి దాచుకుంటారు. కోసిన చోటల్లా అందులోంచి ఒక ముక్క అతుకు వేస్తారు. గుడ్డకు గుడ్డ ముక్క అతికినట్టే.

గడియారాల పెద్దాయన వచ్చిన రోజున పక్క భవనంలో గోడలు తొలుస్తున్నారు. ఆ నిమిషం దొరకలేదు. మర్నాడు మధ్యాహ్నానికల్లా భాగం సిద్ధం కావాలి. ఆ మర్నాడే పిట్ట వెళ్ళిపోయిన రోజు.

ఉదయం పది గంటలు. భర్త బస్సుల వెంట, అత్తగారు బంధువుల ఫోన్ల వెంట, మామగారు వీధి వెంట పడి ఉండగా, కోడలు దిండు కిందనున్న ఫోను తెచ్చుకోవడానికి మూలగదిలోకి వెళ్ళింది. ఇంటి మొత్తానికి నిశ్శబ్దమైన గది అదే. సంచీలో రికార్డరు ఉన్నది. ఆడపడుచు పారిపోయిన గది నిశ్శబ్దాన్ని ఆడపడుచు వదినే అరువు తీసుకొని, ఏడుచోట్ల అతుకు వేసింది. వృత్తిధర్మం అంత గొప్పది, అంత సిగ్గుమాలినది.

“అతుకుల దగ్గరే ఆగుతున్నారు,” అంది కోడలు. “ఏడింటిలో నాలుగు చోట్ల.”

మౌని మొదటిసారిగా మౌనం వహించాడు.

“అతుకు ఎక్కడుందో నీకు తప్ప ఎవరికీ తెలియదు,” అన్నాడు చివరికి. “చెప్పకపోతే నాకే తెలియదు.”

“ఆ గదిలో పెరిగిన మనిషికి తెలుస్తుందా?”

“ఏమో. ఆ అసలు నిమిషం ఉందా? పెంచి విందాం.”

ఉన్నది. ఇద్దరూ చెవులకు హెడ్‌ఫోన్లు తొడుక్కున్నారు. మౌని శబ్దాన్ని నలభై రెట్లు పెంచాడు.

గది మేల్కొన్నది. గోడ లోపలి నీళ్ళ గొట్టం గుసగుసలాడింది. ఎక్కడో లిఫ్టు ఒక అంతస్తు ఎక్కి నిట్టూర్చింది. కోడలి సొంత బట్టల రాపిడి, దుప్పటి మీద ఆమె చెయ్యి సర్దుకున్న చప్పుడు. ఇరవై సెకన్లు. ముప్ఫై.

ముప్ఫై ఎనిమిదో సెకను దగ్గర ఎవరో ఊపిరి పీల్చారు.

“నువ్వేనా?” అన్నాడు మౌని.

“నేను రికార్డు చేసేటప్పుడు పీల్చను. మళ్ళీ వెయ్యి.”

మళ్ళీ వేశాడు. పీల్చి, ఆపుకొని, ఇక ఆపుకోలేక మెల్లగా వదిలిన ఊపిరి. వదిలేటప్పుడు చివర సన్నని ఈల. చిన్నప్పుడు సైకిలు మీంచి పడి ముక్కుదూలం వంకర పోయిన పిల్ల వదిలే ఈల. ఇంట్లో ఆమెకు పిట్ట అన్న పేరు పెట్టడానికి కారణమైన ఈల.

“దగ్గరా దూరమా?” అంది కోడలు.

“దగ్గరే. నాలుగడుగులు. కానీ మధ్యలో చెక్క ఏదో అడ్డముంది. తలుపు లాంటిది. బీరువా ఉందా అక్కడ?”

ఉన్నది. మంచానికి ఎదురుగా, గోడలోకి దిగిన బట్టల బీరువా. ఆ రోజు రికార్డు చేస్తున్న నిమిషమంతా కోడలు దాని వంకే చూస్తూ కూర్చున్నది.

వెళ్ళలేదు. తెల్లవారుజామునే వెళ్ళిపోయిందని అందరూ వీధులు గాలిస్తూండగా, పది గంటలకు పిట్ట ఆ గదిలోనే ఉన్నది. తండ్రికి కనబడకుండా దాగిందంటే సరే. పట్టాలు తెచ్చి చేతిలో పెట్టిన వదిన ఒంటరిగా వచ్చి కూర్చుంటే, తలుపు తెరవలేదు. ఊపిరి బిగబట్టింది.

“నన్ను చూసి దాక్కుంది, మౌనీ.”

“నిన్ను చూసే అని ఎందుకనుకోవాలి? నీతో పాటు ఇంకెవరైనా వస్తారేమోనని అయి ఉండొచ్చు.”

పంతొమ్మిది రోజులుగా చేయడానికి భయపడిన పని ఆమె అప్పుడు చేసింది. రేవులోని ఓడ కార్యాలయానికి ఫోను చేసింది. అవతలి గుమాస్తా పేజీలు తిప్పాడు, పేరు మళ్ళీ అడిగాడు, ఇంకొన్ని పేజీలు తిప్పాడు.

“పటాలు గీసే ఆవిడా? రాలేదండీ. రెండు గంటలు చూసి ఓడ వెళ్ళిపోయింది. మీరేమవుతారు?”

ఆమె ఫోను పెట్టేసింది.

అయిదుకు ఇరవై నిమిషాలు తక్కువ. ఓడ ఎక్కని పిట్ట ఎక్కడున్నదో చెప్పగలిగినది లోకంలో ఆ నీలి గీత ఒక్కటే. ఇరవై నిమిషాల్లో ఒక ముత్యాల దస్తూరీ చెయ్యి దాన్ని తెంపేస్తుంది. ఆపాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే, ఆ ఇంట్లో ఆమె స్థానం ఇకమీద బోను.

ఫోను చేసింది.

చాలాసేపు మోగింది.

“ఎవరు?” అన్నారు గుమాస్తా గారు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు.

“నేనే మావయ్యగారూ. ఆ మీట నొక్కకండి.”

“కారణం?”

“పిట్ట ఫోను నా దగ్గరుంది. మొదటి రోజు నుంచీ ఉంది. బీరువా తాళంచెవి తీసిందీ నేనే. పట్టాలిచ్చిందీ నేనే. ఓడ సంగతి నాకు తెలుసు. ఇప్పుడే కనుక్కున్నాను, అది ఓడ ఎక్కలేదు.”

కేకలు వస్తాయని చెవికి ఫోను దూరంగా పట్టుకున్నది. రాలేదు.

“నెమ్మదిగా చెప్పమ్మాయ్,” అన్నారాయన. “రాసుకుంటున్నాను.”

నిజంగానే కలం గీరుకుంటోంది. ఆమె మళ్ళీ చెప్పింది. ఒక్కొక్క వాక్యం. ఆయన ఒక్కొక్క వాక్యం చివర ‘ఊఁ’ అన్నారు. ఆశ్చర్యం లేదు, ఆగ్రహం లేదు. ఏనాడో తీర్పు చెప్పేసిన దావాలో వచ్చిన ఆలస్యపు వాంగ్మూలాన్ని దస్త్రంలో కుట్టుకుంటున్నట్టు.

“అత్తయ్య ఉన్నారా మావయ్యగారూ?”

“నడకకి వెళ్ళింది. అబ్బాయి ఇంకా రాలేదు. ఇంట్లో నేనొక్కణ్ణే.”

“మీరెక్కడున్నారు?”

“హాల్లో.”

కలం ఆగింది. ఆయన ఇంకేమీ అనలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు.

హాలు వీధి వైపు ఉంటుంది. హాల్లో ఎంతసేపు మౌనంగా ఉన్నా బండ్ల రొద వినవస్తుంది. ఇప్పుడు బండ్లు లేవు. నీళ్ళ గొట్టం గోడ లోపల గుసగుసలాడుతోంది. పదేళ్ళుగా నిశ్శబ్దాల ముక్కలు కోసి బతుకుతున్న ఆ చెవికి, ఏ గది ఏదో చెప్పడానికి సాక్షులు అక్కర్లేదు.

ఆయన ఊపిరి బరువుగా, నిదానంగా ఉన్నది. దాని వెనుక, కొంచెం ఎడంగా, మరొకటి ఉన్నది. వదిలేటప్పుడు చివర సన్నగా ఈల వేస్తున్నది.

“ఇంకేమైనా చెప్పేది ఉందా అమ్మాయ్?” అన్నారు గుమాస్తా గారు.

“ఉంది,” అంది కోడలు. “ఫోను దానికివ్వండి.”

అవతల రెండు ఊపిర్లూ ఒక్కసారే ఆగిపోయాయి.